పెద్దాయన తలూపారు

ఫిబ్రవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

అక్కని. బతికే ఉన్నాను, నువ్వేం కంగారు పడకు. పడవని తెలుసులే. పెద్దాయనకి వైద్యుడివై ఆ భవనంలోకి వెళ్ళిన దగ్గర్నుంచీ నీ నుంచి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే ఎవడో గొంతు సవరించుకుని "డాక్టరుగారు లోపల ఉన్నారు" అంటాడు. లోపల ఉన్నాడని నాకూ తెలుసు నాయనా, బయటికి ఎప్పుడొస్తాడని కదా నేనడిగేది! పోస్టులో వేస్తే నీకంటే ముందు నలుగురు చదువుతారట. అందుకని ఇది మన వీధి చివర సెలూన్ మంగలి, అదే మనం కత్తెర అని పిలిచేవాడు, వాడి చేతికిస్తున్నాను. పెద్దాయనకి గడ్డం గీయడానికి వారం వారం అక్కడికే వస్తున్నాడు కదా. సబ్బు డబ్బా అడుగున పెట్టుకుని తెస్తానన్నాడు. ఉత్తరానికి సబ్బు వాసనొస్తే ఏమీ అనుకోకు.

ఇంక అసలు సంగతి. పిల్లని జైల్లో పెట్టారు.

అవును, నీ మేనకోడల్నే. పురపాలక ఎన్నికలకి బడి టీచర్లందరికీ డ్యూటీ వేశారు, దీనికీ పడింది. ఓట్ల లెక్క తేలాక పైనుంచి వేరే లెక్కతో కాగితం వచ్చిందట, సంతకం పెట్టమని. "నేను లెక్కపెట్టింది ఇది కాదు, పెట్టను" అందట. తక్కిన టీచర్లందరూ పెట్టేసి, ఇచ్చిన టీ తాగేసి ఇళ్ళకి పోయారు. ఇది పోలీసు వ్యానెక్కింది. ఎన్నికల పనికి అడ్డు తగిలిందని కేసు, రెండేళ్ళ శిక్ష. తీర్పు చదివేటప్పుడు జడ్జిగారు దాని మొహం కూడా చూడలేదు.

ఒళ్ళు మండిపోతోంది గానీ నాకో ధైర్యం ఉంది. పెద్దాయన వేళ్ళు విరగ్గొట్టింది ఎందుకు? సైన్యం పాలించిన రోజుల్లో వాళ్ళు రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టనన్నందుకే కదా? వేళ్ళన్నీ పోయినా పెట్టలేదు. అందుకేగా దేశాధినేత అయ్యాక ఆయనకి సంతకం లేదు, తలూపు ఉంది. కార్యదర్శి ఉత్తర్వు చదువుతాడు, ఆయన తలూపుతాడు, ఊపాడని కార్యదర్శీ, తెలివిలో ఉండే ఊపాడని డాక్టరూ కింద సంతకాలు పెడతారు. ఆయన కోసం చట్టమే అలా రాశారు. బస్సుల్లో డ్రైవర్ల ముందు ఆయన బొమ్మలు తలలూపుతుంటాయి, నా కుట్టుమిషన్ పక్కనా ఒకటుంది. అలాంటి మనిషికి మన పిల్ల సంగతి వినిపిస్తే చాలు, ఇంకొకరు చెప్పక్కర్లేదు.

క్షమాభిక్ష అర్జీ రాయించి పంపాను. నువ్వు చేయాల్సిందల్లా దాన్ని అర్జీల కట్ట అడుగు నుంచి పైకి తీసి ఆయన ముందు చదివించడమే. ఆ రెండో సంతకం నీదే కదరా!

షాపులో యూనిఫాంల పని మొదలైంది. కాజాలు తీసే అమ్మాయి మానేసింది. ఖైదీ తల్లి దగ్గర పనిచేస్తే సంబంధాలు రావని వాళ్ళమ్మ మాన్పించిందట. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కత్తెర తిరిగొచ్చేటప్పుడు జవాబు లేకుండా రాకూడదు, చెప్తున్నా.

నీ అక్క

ఫిబ్రవరి 15

అక్కకి,

ఉత్తరం అందింది. పిల్ల చేసిన పనికి గర్వంగా ఉందని రాయాలని ఉంది, కానీ ఆ మాట రాసే అర్హత నాకు లేదనిపిస్తోంది. ఎందుకని అడక్కు.

అర్జీ ఇక్కడికి చేరింది. కార్యదర్శి గదిలో చూశాను. అయితే ఇప్పట్లో దాన్ని పెద్దాయన ముందు పెట్టడం కుదరదు. ఆయనకి విశ్రాంతి అవసరం. కొన్నాళ్ళు ఓపిక పట్టు. నాకు తెలిసిన లాయరు ఒకతను ఉన్నాడు, అప్పీలు వేయిద్దాం.

నాకిచ్చిన గది ఆయన గదిని ఆనుకునే ఉంది. మధ్య తలుపు ఎప్పుడూ తీసే ఉంచుతారు. కిటికీలోంచి వెనక వాకిలి, డీజిల్ పీపాలు, గొలుసు వేసిన ఒక కుక్క కనిపిస్తాయి. బయటికి వెళ్ళాలంటే కార్యదర్శి అనుమతి కావాలి. మొదట్లో అడిగేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. భోజనం బాగానే పెడుతున్నారు.

మోకాళ్ళకి మందు పంపుతున్నాను. రెండు పూటలా రాసుకో. కాళ్ళతో మిషన్ తొక్కడం ఇక చాలు, మోటారు పెట్టించుకో.

తమ్ముడు

ఫిబ్రవరి 24

గౌరవనీయులైన డాక్టరుగారికి,

మందు అందింది. మూత కూడా తీయలేదు. నా కడుపుకోత రాస్తే మోటారు పెట్టించుకోమంటావా? నువ్వు మనిషివేనా?

విశ్రాంతి అట! నిన్న రేడియోలో ఏం చెప్పారో వినలేదా? "వంతెనల మరమ్మతులకు పెద్దాయన తలూపారు." మొన్న సిమెంటు మీద పన్నుకి తలూపారు. అంతకుముందు కోళ్ళఫారాల అప్పులకి. సిమెంటు సంగతి వినే ఓపిక ఉంది, కోళ్ళ గోల వినే ఓపిక ఉంది, నా పిల్ల పేరు వింటేనే నీరసం ముంచుకొస్తుందా ఆయనకి? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావు? నీ కొలువుకి ఎక్కడ ఎసరొస్తుందోనని నీ భయం. ఆ మాట తిన్నగా చెప్పు, వింటాను. నీళ్ళు నమలకు.

ఆదివారం జైలుకి వెళ్ళాను. మధ్యలో ఇనప జాలీ, దానికి అటు అది, ఇటు నేను. ఒకేసారి పదిమంది మాట్లాడుకుంటుంటే అరిస్తే గానీ వినబడదు. చిక్కిపోయింది. దగ్గుతోంది. అయినా లోపల ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నానని నవ్వుతూ చెప్పింది. ఉన్నట్టుండి, "అమ్మా, అర్జీలూ గిర్జీలూ ఏం పెట్టకు. క్షమాభిక్ష తప్పు చేసినవాళ్ళకి కదా" అంది. నేను మాట మార్చేశాను. దానికి తెలియకుండానే పంపాను తమ్ముడూ. "నేను చేసిన తప్పు ఒప్పుకుంటున్నాను" అని రాయకపోతే అసలు అర్జీయే తీసుకోరన్నాడు రాసేవాడు. రాయమన్నాను. కింద దాని సంతకం కూడా నేనే గీశాను. తెలిస్తే నన్ను బతకనిస్తుందా? అచ్చం వాళ్ళ నాన్నే. ఆయన ఉండుంటే ఇద్దరూ కలిసి నన్ను వాయించేవాళ్ళు.

నేనింత చేశాను, నువ్వు ఆ కాగితాన్ని ఇటునుంచి అటు పెట్టలేవా?

అక్క, ఇంకా అలా పిలవాలని నీకనిపిస్తే

మార్చి 7

అక్కా,

నువ్వన్న మాటలన్నీ పడతాను, కొలువు మాట మాత్రం పడలేను. అందుకే రాయకూడనిది రాస్తున్నాను. చదివి కాల్చెయ్.

నవంబరులో ఒక ఉదయం పెద్దాయన స్నానాలగదిలో పడిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లింది. మాట పోయింది, కాళ్ళూ చేతులూ పోయాయి. మిగిలింది తల ఒక్కటే, అది ఊగుతోంది. కిందికీ పైకీ, మెల్లగా, ఔను ఔను అన్నట్టు. అది జబ్బు వల్ల వచ్చిన వణుకు, నిద్రపోతే తప్ప ఆగదు. మొదటి వారంలో ఆయనకి ఏమైనా తెలుస్తోందేమోనని పరీక్షించాను. ఈ గదిలో ఏనుగుందా అని అడిగాను, ఊపారు. నేను మీ తమ్ముణ్ణా అన్నాను, ఊపారు. మీరు చచ్చిపోయారా అన్నాను, దానికీ ఊపారు. ఆ చివరి ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. ఆ మాట నన్ను వదలట్లేదు.

బయటికి చెప్పేద్దామన్నాను. కార్యదర్శి నన్ను కూర్చోబెట్టి, నెమ్మదిగా అంతా వివరించారు. ప్రభుత్వంలో ఆరు పార్టీలు ఒకదాని జుట్టు ఒకటి పట్టుకుని ఉన్నాయి, పెద్దాయన పేరు చూసి ఆగుతున్నాయి. ఆయన లేరని తెలిసిన రోజున సైన్యం మళ్ళీ వీధుల్లోకి వస్తుంది. జూలైలో పెద్ద ఎన్నికలు ఉన్నాయి కదా, అందాకా లాక్కొద్దాం అన్నారు. జీతాలు ఆగకూడదు, ఆసుపత్రులకి మందులు ఆగకూడదు, వంతెనలు కూలకూడదు. నాకూ సబబే అనిపించింది. అలా మొదటి కాగితం మీద సంతకం పెట్టాను. తెలివిలో ఉండే ఊపారని.

నాకు నేను ఒక గీత గీసుకున్నాను అక్కా. జనానికి అక్కరైన వాటికి తప్ప, నా సొంతానికి ఆ తలని వాడుకోను. ఆ గీత కూడా దాటితే నేనెవర్నో నాకే తెలియదు. అందుకే పిల్ల అర్జీ చదివించలేదు. భయపడి కాదు.

కుర్చీ వెనకభాగం తోలుది. తల ఊగుతున్నంతసేపూ జుట్టు దానికి రాసుకుని సన్నగా చప్పుడవుతుంది. తలుపు తీసే ఉంటుంది కదా, నా గదిలోకి వినిపిస్తుంది. మొదట్లో దూది పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు దూది పెట్టుకున్నా వినిపిస్తోంది.

తమ్ముడు

మార్చి 16

తమ్ముడూ,

కాల్చేశాను. బూడిద కూడా నీళ్ళలో కలిపేశాను.

పాపం ఆయన! రోజూ రేడియోలో ఆయన తలూపారని వింటూ ఈ దేశానికి ఇంకా ఒక పెద్ద దిక్కుందనుకుంటూ బతుకుతున్నాం. ఎవరికి చెప్పుకోను? ఎదురింటివాళ్ళతో మాట్లాడుతుంటే నోటి చివరిదాకా వచ్చి ఆగుతోంది.

అయినా అడుగుతున్నాను. తిట్టుకుంటే తిట్టుకో. గీత గీసుకున్నానంటున్నావు. ఆ గీతకి అవతల ఉన్నది ఎవరు? నువ్వు ఎత్తుకుని తిప్పిన పిల్ల. వంతెనకి ఊగిన తల, సిమెంటుకి ఊగిన తల, నా పిల్లకి ఊగితే అరిగిపోతుందా? ఆయనకేమీ తెలియదని నువ్వే రాశావు. తెలియని మనిషిని మోసం చేసినట్టు ఎలా అవుతుంది? అది చేసిన తప్పేంటి? అబద్ధం మీద సంతకం పెట్టకపోవడం! అలాంటిదాన్ని విడిపించడం కంటే జనానికి అక్కరైన పని ఇంకేముందిరా?

ఈ ఆదివారం రుమాలు దాచుకుంది. చెయ్యి పట్టుకుని చూద్దామంటే జాలీ అడ్డం. ఎర్రగా కనిపించింది. నా కళ్ళు సరిగ్గా లేవనుకుందామనుకున్నాను. పక్కన నిలబడ్డ ఖైదీ "డాక్టరుకి చూపించమనండమ్మా, రాత్రిళ్ళు పడుకోదు" అంది. డాక్టరు నా తమ్ముడేనమ్మా అని దానికేం చెప్పను?

ఇంతకంటే రాయలేను. నీ ఇష్టం.

అక్క

మార్చి 28

అక్కా,

పిల్ల ఇంటికి వస్తోంది. కాగితం ఈ రోజే బయల్దేరింది. ఊపిరితిత్తుల ఆసుపత్రిలో చూపించు, ఆలస్యం చెయ్యకు, మందులు పూర్తిగా వాడించు.

ఇంకేమీ అడక్కు.

తమ్ముడు

ఏప్రిల్ 9

నా బంగారు తమ్ముడూ,

వచ్చేసింది! షాపు మూసి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో చెప్పులున్నాయి. చెప్పులు చూసి అక్కడే కూలబడ్డాను. అదేమో లోపల్నుంచి "అమ్మా, చక్కెర ఎక్కడ పెట్టావ్?" అంటోంది, ఏదో సాయంత్రం బడి నుంచి వచ్చినట్టు.

ఆసుపత్రిలో చూపించాను. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట, మందులతో పోతుందన్నారు. తిని పడుకుంటోంది, లేచి తింటోంది. బడివాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. అందాకా షాపులో కూర్చుని కాజాలు తీస్తోంది. అబ్బ, ఎంత దరిద్రంగా తీస్తోందో! నేను రాత్రికి విప్పి మళ్ళీ కుడుతున్నాను, దానికి చెప్పకు.

ఎలా విడిచిపెట్టారని అడిగింది. పెద్దాయన తలూపారట అన్నాను. అది కాసేపు ఆ బొమ్మ వైపు చూసి, "ఆయనకి తెలిసిందన్నమాట" అంది. ఎంత సంతోషపడిందో! నువ్వు వణుకనీ జబ్బనీ ఎంతైనా చెప్పు, నాకు మాత్రం ఆయన దీవించినట్టే ఉంది. నీ ఉత్తరం చూస్తే నువ్వేదో ఘోరం చేసినట్టు దిగులుపడుతున్నావనిపించింది. పిచ్చివాడా, ఒక మంచిపని చేశావు. ఆయనకి నా దణ్ణం చెప్పు. వినబడకపోయినా చెప్పు.

జూలైలో ఎన్నికలు జరగవని మార్కెట్లో అనుకుంటున్నారు. నేనైతే కొట్టిపారేశాను. మా తమ్ముడుండగా అలాంటి కాగితం గడప దాటదని మనసులోనే అనుకున్నాను.

నీ మొహం చూసి ఏడాదయింది. ఒకసారి రారాదూ?

అక్క

మే 4

అక్కా,

నీ ఉత్తరం రోజూ తీసి చదువుతున్నాను. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఎన్నికలు రద్దయ్యాయని ఈపాటికి రేడియోలో విని ఉంటావు. కింద నా సంతకం ఉంది. ఎందుకుందో చెప్తాను. తిట్టు, కానీ చివరిదాకా చదువు.

పిల్ల అర్జీ నేనే కార్యదర్శి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన చూసి నవ్వి, "మీరూ మనలో ఒకరయ్యారు డాక్టరుగారూ" అన్నారు. మర్నాడు పొద్దున పెద్దాయన కుర్చీ ముందు నిలబడి చదవడం మొదలుపెట్టారు. తల ఎప్పట్లాగే ఊగుతోంది. పిల్ల పేరు చదివారు, కేసు సంగతి చదివారు, ఊగుతూనే ఉంది. "నేను చేసిన తప్పు ఒప్పుకుంటున్నాను" అని చదివారు.

తల ఆగింది.

మెలకువలో అది ఆగడం ఇన్ని నెలల్లో నేను చూడలేదు. మెడ నరాలు తేలాయి. నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆయనకి తెలుస్తోంది అక్కా. మొదటి రోజు నుంచీ అన్నీ వింటూనే ఉన్నారు. వంతెనలూ, సిమెంటూ, చచ్చిపోయారా అని నేనడిగిన మాటా, అన్నీ. ఆ తల ఆయన మాట వినదు, అంతే. ఆ ఒక్కసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆపారు. వద్దన్నారు.

పిల్ల మీద కోపంతో కాదు. అది నాకు అప్పుడే అర్థమైంది. తప్పు చేయనిదాని చేత తప్పు ఒప్పించవద్దన్నారు. వేళ్ళు విరుగుతున్నా సంతకం పెట్టని మనిషి ఇంకేమంటారు? అంతా తెలిసి, ఆయన కళ్ళెదుటే, "ఊపారు" అని రాసి సంతకం పెట్టాను. నువ్వు రాసిన రుమాలు తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

కార్యదర్శి కూడా చూశారు. అప్పటికి తన సంతకం కూడా పెట్టి కాగితం ఫైల్లో పెట్టుకున్నారు.

పోయిన నెలాఖరున ఎన్నికల రద్దు ఉత్తర్వు తెచ్చారు. జరిగితే ఆరు పార్టీలూ ఓడిపోతాయని వాళ్ళకి తెలుసు. మొదటి వాక్యం చదవగానే తల ఆగింది. "ఆగింది, ఇది చెల్లదు" అన్నాను. కార్యదర్శి ఎంతో మర్యాదగా, "ఆ రోజూ ఆగింది కదా డాక్టరుగారూ. ఊపారని మీరే రాశారు. ఇది చెల్లకపోతే అదీ చెల్లదు. అమ్మాయిని వెనక్కి పంపమంటారా?" అన్నారు. కలం కూడా మూత తీసి అందించారు. పెట్టాను. పెడుతూ ఆయన వైపు చూడకూడదనుకున్నాను. చూశాను.

ప్రతి నెలా ఒకటో తారీఖున పెద్దాయన ఆరోగ్యం గురించి రేడియోలో నేనే చదువుతాను, నువ్వు వింటూనే ఉంటావు. అది నేరుగా ప్రసారమైపోతుంది. ఎవరో వచ్చి నా నోరు నొక్కేలోగా రెండు మాటలు చెప్పొచ్చు. పెద్దాయన తల జబ్బు వల్ల ఊగుతోంది, ఎన్నికల రద్దుకి ఆయన ఒప్పుకోలేదు అని. అది చాలు. కానీ ఆ మాట అన్న క్షణం పిల్ల విడుదల కూడా చెల్లదు. అదే రోజు వచ్చి తీసుకుపోతారు.

నువ్వు వద్దంటే నోరెత్తను. నీ మాట కోసం చూస్తుంటాను.

తమ్ముడు

మే 12

తమ్ముడూ,

వద్దు.

పిల్లకి చెప్పలేదు, చెప్పను. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. వీధి మొదట్లో ఇసుక బస్తాలు పేర్చారు. చీకటి పడ్డాక బయటికి రాకూడదట. పక్కింటి మెకానిక్‌ని నిన్న పొద్దున తీసుకెళ్ళారు. ఎన్నికలు ఎందుకు ఆపారని టీ కొట్టు దగ్గర గట్టిగా అన్నాడట, అంతే. వాళ్ళావిడ మా గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే, ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉందో తెలిసిన నేను మంచినీళ్ళిచ్చి వీపు నిమిరాను. ఎలా నిమిరానో నాకే తెలియదు.

అయినా వద్దు. దేశానికి ఎంతమంది లేరు! నాకు ఇదొక్కతే. మందులు ఇంకా సగం కూడా అవలేదు. మళ్ళీ ఆ జాలీ వెనక దగ్గుతుంటే చూడలేను. ఆయన వద్దన్నాడని రాశావు కదా, ఆ మాట అర్జీలో రాయించింది నేను. ఆయన ఆపింది నన్నే. అప్పట్నుంచీ మిషన్ పక్కన బొమ్మని చూడలేక గుడ్డ కప్పాను. ఎందుకు కప్పావని పిల్ల అడిగితే దుమ్ము పడుతోందన్నాను. గాలి తగిలితే ఆ గుడ్డ కిందే ఊగుతోంది.

ఇంక ఈ సంగతి నన్ను అడక్కు. అడిగి నన్ను ఎందుకు చంపుతావు?

అక్క

జూన్ 2

అక్కా,

నువ్వన్నట్టే చేశాను. "పెద్దాయన కులాసాగా ఉన్నారు, ఉదయం కాసేపు చల్లగాలికి కూర్చుంటున్నారు" అని చదివాను. గొంతు వణకలేదు. స్టూడియో నుంచి తిరిగొచ్చేసరికి ఆయన గదిలో రేడియో మోగుతోంది. కాలక్షేపంగా ఉంటుందని నర్సు పెట్టిందట. అంటే నేను చదివింది ఆయన విన్నారు. నాడి చూద్దామని పక్కన కూర్చున్నాను. నా కళ్ళలోకి చూస్తూ, ఔను ఔను అని తలూపుతూనే ఉన్నారు.

ఇప్పుడు నాకూ ఒకటి జరుగుతోంది. కార్యదర్శి ఏమైనా అడగ్గానే, మాట పూర్తి కాకముందే నా తల ఊగుతోంది. మొన్న అద్దంలో చూసుకుని భయపడ్డాను.

నీ మీద కోపం లేదు. నిన్ను అడగడమే నా తప్పు. నా పిరికితనం నీ కొంగున కట్టి చేతులు దులుపుకుందామనుకున్నాను. పిల్ల మందులు మానకుండా చూడు.

తమ్ముడు

జూన్ 14

తమ్ముడూ,

పిల్లకి తెలిసిపోయింది. నా నోటి నుంచి రాలేదు, కత్తెర నోటి నుంచి వచ్చింది. ఏం చెప్పాడో వాడికీ తెలియదు పాపం. నీ ఉత్తరం ఇవ్వడానికి షాపుకొచ్చాడు. పిల్ల టీ ఇచ్చి, "పెద్దాయన ఎలా ఉన్నారు?" అంది. వాడు గొప్పలు పోయి, "ఆయన గడ్డం గీయడం అందరి తరం కాదమ్మా. ఆగకుండా ఊగే తల! ఒకరు రెండు చేతులా పట్టుకుంటే తప్ప కత్తి ఆనించలేం" అన్నాడు. పిల్ల చేతిలో సూది కింద పెట్టేసింది. వాడు వెళ్ళేదాకా ఆగి, "నా కాగితానికీ అలాగే ఊగిందా అమ్మా?" అంది.

అబద్ధం చెప్దామనే అనుకున్నానురా. కానీ మొత్తం చెప్పేశాను. అర్జీ, అందులో తప్పు ఒప్పుకున్న మాట, దాని సంతకం నేను గీయడం, ఆయన ఎక్కడ ఆగాడో, నువ్వేం రాశావో, తర్వాత నీ చేత ఏం రాయించారో. నీకు వద్దని రాసిందీ చెప్పాను. అది అరవలేదు. అరిచినా బాగుండేది. "తప్పు చేశానని నేనే ఒప్పుకున్నట్టు రాశావా?" అని ఒక్కటే అడిగింది. తర్వాత, "చేయలేదని ఆయనొక్కడే అన్నాడన్నమాట" అంది. అప్పుడు ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక అది అలా ఏడవడం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే రెండు జతల బట్టలూ, మందుల సీసాలూ సంచిలో పెట్టుకుని జైలుకి బయల్దేరింది. బతిమాలాను, తిట్టాను, గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "తప్పుకో అమ్మా" అంది, అంతే. చేసేదేం లేక నేనూ వెంట వెళ్ళాను. గేటు దగ్గర వార్డెనుతో, "నా విడుదల చెల్లదు, నన్ను లోపలికి తీసుకోండి" అంది. ఆవిడ నోరెళ్ళబెట్టింది. "విడుదలైన మనిషిని లోపల పెట్టుకుంటే నా ఉద్యోగం ఊడిపోతుంది తల్లీ. చెల్లదని పైనుంచి మాట రావాలి. వెళ్ళు, వెళ్ళి ఇంటి దగ్గర హాయిగా ఉండు" అంది. "అయితే ఆ మాట వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అని గోడవార కూర్చుంది.

అప్పట్నుంచీ రోజూ అదే. పొద్దున్నే వెళ్ళి కూర్చుంటుంది, చీకటి పడే ముందు వస్తుంది. ఎన్నికల రోజున సంతకాలు పెట్టిన టీచర్లలో ఇద్దరు వచ్చి పక్కన చేరారు. మెకానిక్ వాళ్ళావిడా వచ్చింది. ఒక సైనికుడు తుపాకీ ఊపుకుంటూ వచ్చి ఏంటీ గుంపు అన్నాడు. "లోపలికి వెళ్దామని" అంది పిల్ల. పాపం, బయటికి పోతామనేవాళ్ళని ఏం చేయాలో వాడికి నేర్పారు గానీ దీనికి ఏం చేయాలో ఎవరూ చెప్పినట్టు లేరు. తల గోక్కుని పోయాడు. నాకు నవ్వాగలేదు. నవ్వి ఎన్నాళ్ళయిందో.

నీకు వద్దని రాసిన రోజు దాన్ని దక్కించుకున్నాననుకున్నాను. ఎక్కడ దక్కింది? నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది గానీ మనిషి ఆ గేటు దగ్గరే ఉంది. నన్ను పల్లెత్తు మాట అనదు. అదే నేను భరించలేకపోతున్నాను. ఎండకి దగ్గు మళ్ళీ మొదలైంది. లోపలైతే జైలు డాక్టరైనా ఉంటాడు, ఇక్కడ నేను పట్టిన గొడుగు తప్ప ఏమీ లేదు.

ఒకటో తారీఖు వస్తోంది. నువ్వు చెప్పాలనుకున్న ఆ మాట చెప్పు. చెప్పాక నిన్నేం చేస్తారో నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను, ఏడుస్తూనే రాస్తున్నాను. నువ్వు నన్ను అడగకుండానే చెప్పాల్సింది, నేను వద్దనకుండా ఉండాల్సింది. అది గడిచిపోయింది.

దాన్ని బయటికి తెమ్మని నీ ప్రాణం తోడేసిన అక్కనే ఇది. నా పిల్లని లోపలికి రానివ్వమని చెప్పు, తమ్ముడూ.

అక్క